తొడకు కట్టే కఫ్‌లో ఎంత ఒత్తిడి? బీఎఫ్‌ఆర్ చేసేవాళ్లు కొలత పద్ధతి ఎంచుకోవడం ఎలా

ఇద్దరు మనుషులు, బీఎఫ్‌ఆర్ (బ్లడ్ ఫ్లో రిస్ట్రిక్షన్, అంటే రక్తప్రసరణను కొంత అడ్డుకుని చేసే వ్యాయామం) కోసం తొడకి కట్టిన 11 సెంటీమీటర్ల వెడల్పున్న ఒకే కఫ్, గేజ్ మీద ఒకే అంకె: 150. మొదటాయన సన్నటి మనిషి, తొడ చుట్టుకొలత 46 సెంటీమీటర్లు. రెండో ఆయన తొడ 64, బీపీ పై అంకె 138. సన్నటాయన పాదం నిమిషం తిరక్కుండానే పాలిపోయింది. బొటనవేలి గోరు నొక్కి వదిలితే తెల్లగానే ఉండిపోయింది. రెండో ఆయనేమో "ఇంతేనా అండీ? ఇంకాస్త గాలి కొట్టొచ్చు" అంటున్నాడు. నేను ఫిజియోథెరపీలోకి వచ్చిన తొలి రోజుల్లో చూసిన సంగతి ఇది. ఆ 150 ఎక్కడో ఎవరి కాలికో సరిపోయిన అంకె; ఈ రెండు కాళ్లలో దేన్నీ అడిగి తెచ్చింది కాదు. తర్వాత డాప్లర్ (రక్తం పారే చప్పుడు వినిపించే పరికరం) పెట్టి కొలిస్తే మొదటాయన ధమని 142 దగ్గరే పూర్తిగా మూసుకుపోతోంది. రెండో ఆయనకి 208 దాకా వెళ్లాల్సి వచ్చింది. అంటే ఒకరికి అది పూర్తి బంద్, ఇంకొకరికి 72 శాతం.

కాలి రక్తప్రసరణను కొంత అడ్డుకుని తేలిక బరువులతో కండ పెంచే ఈ పద్ధతికి మొదట దారి వేసింది జపాన్‌కి చెందిన యోషియాకి సాటో. 1966లో ఆయనకి తట్టిన ఆలోచన 'కాట్సు'గా పెరిగింది. ఇప్పుడు ప్రపంచమంతా బీఎఫ్‌ఆర్ అంటోంది. మీరు ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 20 నుంచి 40 శాతం చాలు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి, బరువులు మోయలేని కీళ్లున్నవాళ్లకి ఇది నిజంగా వరం. కాకపోతే ఒక షరతు ఉంది. కఫ్ సిరల్లోంచి రక్తం వెనక్కి పోకుండా ఆపాలి, ధమనిని మాత్రం సగంలోనే వదిలెయ్యాలి. ఆ సగం ఎక్కడుందో తెలియాలంటే ముందు పూర్తిగా మూసుకుపోయే అంకె తెలియాలి. దాన్నే ధమని మూత ఒత్తిడి (ఆర్టీరియల్ అక్లూజన్ ప్రెషర్), పొట్టిగా ఏఓపీ అంటారు. చికిత్సలోనూ పరిశోధనలోనూ ఎక్కువమంది పాటించే హద్దు ఆ అంకెలో 40 నుంచి 80 శాతం. పైన చెప్పిన సన్నటాయనకి అది 57 నుంచి 114. రెండో ఆయనకి 83 నుంచి 166. (ఈ వ్యాసంలో ఒత్తిడి అంకెలన్నీ బీపీ చెప్పేటప్పుడు వాడే మిల్లీమీటర్ల పాదరసంలోనే ఉన్నాయి.)

ఆ ఒక్క అంకె పట్టుకోవడానికి దారులు ఆరేడు ఉన్నాయి. ఏది ఎవరికన్నది చూసేముందు ఒక మాట. కాలి సిరల్లో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవాళ్లు, గర్భిణులు, సికిల్ సెల్ ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, కాలి ధమనులు పూడుకున్నవాళ్లు, పెద్ద వేరికోస్ సిరలున్నవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, శోషరస గ్రంథులు తీసేయించుకున్నవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. కొలత ఎంత బాగా చేసినా ఈ జాబితాని అది దాటించలేదు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

చాలామంది మొదట అడిగేది "ఏది కచ్చితం?" అని. నేను ముందు అడిగేది వేరు: ఈ పద్ధతి తప్పితే ఎటు తప్పుతుంది? అసలు అంకె కంటే తక్కువ చూపిస్తే మీ సాధన కాస్త తేలికవుతుంది, అంతకుమించి ఏమీ కాదు. ఎక్కువ చూపిస్తే మీకు తెలియకుండానే ధమనిని మూసేసి వ్యాయామం చేస్తుంటారు. ఈ రెండు తప్పులూ ఒక్కటి కావు.

దీని వెంటే ఇంకో లెక్క ఉంది. మీరు 80 శాతం పెట్టాలనుకున్నారు, మీ కొలత అసలు కంటే నాలుగో వంతు ఎక్కువ చూపించింది. 80కి నాలుగో వంతు కలిపితే 100. అంటే పూర్తిగా మూసేశారు. అదే 50 శాతం పెట్టుకున్నవాళ్లకి కొలత రెండింతలు తప్పితే గానీ ఆ పరిస్థితి రాదు. పైగా విశ్రాంతిగా ఉన్నప్పుడు రక్తప్రవాహం ఒత్తిడి పెరిగినకొద్దీ నేరుగా గీత గీసినట్టు తగ్గుతూ పోదు. మధ్యలో చాలా దూరం పెద్దగా మార్పు లేకుండా సాగుతుంది. కాబట్టి 50కీ 60కీ మధ్య జుట్టు పీక్కోనక్కర్లేదు. కొలత ఎంత వదులుగా ఉంటే లక్ష్యాన్ని అంత కిందికి దించండి. కింద ప్రతి పద్ధతినీ ఈ కొలబద్దతోనే చూస్తాను.

మిగతావి మామూలు ప్రశ్నలే. అంకె మీ కాలి నుంచి, మీ కఫ్‌తో, మీరు వ్యాయామం చేసే భంగిమలో వచ్చిందా? రేపు మళ్లీ కొలిస్తే దగ్గర దగ్గరగా వస్తుందా? ఒంటరిగా చేసుకోగలరా? చెయ్యి తిరగడానికి ఎన్నాళ్లు పడుతుంది?

పద్ధతి కంటే ముందు కఫ్

ఇది దాటేసి నేరుగా పరికరాల దగ్గరికి పోయేవాళ్లే ఎక్కువ. కఫ్ ఎంత వెడల్పుంటే ధమని అంత తక్కువ ఒత్తిడికి మూసుకుంటుంది. బీపీ కొలిచే కఫ్‌కి కూడా ఈ పాఠం మొదట్లోనే ఎదురైంది. 1896లో ఇటలీ డాక్టరు రివా-రోచి చేసిన కఫ్ 5 సెంటీమీటర్ల సన్నటిది, అంకెలు ఎక్కువ చూపించేది. 1901లో జర్మనీకి చెందిన ఫాన్ రెక్లింగ్‌హాసెన్ దాన్ని వెడల్పు చేయించి ఆ లోపం సరిదిద్దాడు.

తొడ మీద ఈ తేడా ఇంకా పెద్దది. ఆపరేషన్లలో వాడే కఫ్‌ల కోసం తయారైన ఒక సూత్రం ఉంది: తొడ చుట్టుకొలతను కఫ్ వెడల్పుతో భాగించి, 16.67తో గుణించి, 67 కలపాలి. 56 సెంటీమీటర్ల తొడకి 18 సెంటీమీటర్ల కఫ్ అయితే 119 వస్తుంది. 11 అయితే 152. 5 సెంటీమీటర్లదైతే 254. ఒకే కాలు, ఒకే రోజు. అందుకే ఎవరైనా "నేను 160 పెడతాను" అంటే కఫ్ వెడల్పు చెప్పకపోతే ఆ మాటకి అర్థం లేదు.

తొడకి 10 నుంచి 18 సెంటీమీటర్ల మధ్య వెడల్పున్నది చూసుకోండి. మరీ వెడల్పైనది పొట్టి తొడల మీద గజ్జల్లో గుచ్చుకుంటుంది, మోకాలు వంచినప్పుడు జారుతుంది. బిగించాక గాలి సంచి తొడ చుట్టూ పూర్తిగా వచ్చిందో లేదో వేళ్లతో తడిమి చూడండి. చేతి బీపీ కఫ్‌ని తొడకి చుడితే సంచి ఒక పక్కకే వస్తుంది, ఒత్తిడి సమంగా పడదు, రెండో సెట్‌లో వెల్క్రో పట్టు వదిలేస్తుంది. ఇంట్లో వాడే ఆటోమేటిక్ బీపీ మిషన్ అయితే అసలు పనికిరాదు. కొలత అయిపోగానే అది గాలి వదిలేస్తుంది, ఒత్తిడి పట్టి ఉంచదు.

డాప్లర్

నేను దీన్నే మొదటి వరసలో పెడతాను, కారణం చెవి. చేతిలో పట్టుకునే చిన్న డాప్లర్, 8 మెగాహెర్ట్జ్ ప్రోబ్, కాస్త జెల్ ఉంటే చాలు. చీలమండ లోపలి వైపు ఎముక గుబ్బ ఉంటుంది కదా, దానికీ మడమ వెనక మందపాటి స్నాయువుకీ మధ్య ఒక పల్లం. అక్కడ జెల్ వేసి ప్రోబ్‌ని నిటారుగా కాకుండా కాస్త వాల్చి, మోకాలి వైపు చూసేలా పెట్టండి. సిర మీద పడితే గాలి హోరులా ఒకటే చప్పుడు వస్తుంది. మిల్లీమీటరు పక్కకి జరిపితే గుండె లయలో ఉఫ్, ఉఫ్ అని తెగితెగి వినిపిస్తుంది. అదే ధమని. దొరికాక చిటికెన వేలిని మడమ మీద ఆనించి చెయ్యి కదలకుండా పెట్టుకోవాలి.

ముందు 5 నుంచి 10 నిమిషాలు కాలు కదపకుండా విశ్రాంతి. తర్వాత కఫ్‌ని 50 దాకా ఎక్కించి, అక్కణ్నుంచి పదేసి చొప్పున పెంచండి. చప్పుడు సన్నబడటం మొదలవగానే అయిదేసి చొప్పున. ఒక అంకె దగ్గర అది ఆగిపోతుంది. ఇక్కడే కొత్తవాళ్లు దెబ్బతింటారు. చప్పుడు పోయింది ధమని మూసుకుని కాదు, ప్రోబ్ జారి అయ్యుండొచ్చు. అందుకని చెయ్యి కదపకుండా గాలి మెల్లగా వదలండి. చప్పుడు తిరిగి వస్తే అది నిజమైన అంకె. రాకపోతే జారింది మీ చెయ్యే. గాలి పూర్తిగా తీసేసి రెండు నిమిషాలాగి ఇంకోసారి చెయ్యండి. రెండు అంకెలూ పది లోపు తేడాతో వస్తే నమ్మొచ్చు.

చూశారా, దీని తప్పు ఎటు పడుతుందో? ప్రోబ్ జారితే అంకె తక్కువగా వస్తుంది. అంటే తప్పినా క్షేమం వైపే. ఇబ్బందల్లా చేతులు చాలకపోవడం. తన చీలమండ దగ్గర తనే ప్రోబ్ పట్టుకుని తన తొడ కఫ్‌కి తనే గాలి కొట్టుకోవడం పడుకున్న భంగిమలో కుదరని పని. కూర్చుంటే ఎలాగో కుదురుతుంది గానీ అప్పుడు వచ్చేది కూర్చున్న భంగిమ అంకె. ఇంకో మనిషి సాయముంటే పది నిమిషాల పని. వారం రోజులు రోజుకి ఇద్దరు ముగ్గురి కాళ్ల మీద చేస్తే చెయ్యి తిరుగుతుంది.

తనంతట తానే కొలిచే పరికరాలు

గాలితో బిగించే కఫ్‌ని ఆపరేషన్ బల్ల దగ్గరికి 1904లో తెచ్చింది హార్వే కుషింగ్. 1980ల్లో కెనడా ఇంజినీరు జేమ్స్ మెకీవెన్ దాన్ని కంప్యూటర్ అదుపులోకి తెచ్చాడు. ఇప్పటి బీఎఫ్‌ఆర్ యంత్రాల్లో మేలైనవి ఆ వంశానివే. కఫ్‌లో ఒత్తిడి పెరిగేకొద్దీ ధమని కొట్టుకోవడం వల్ల వచ్చే సన్నటి అదురుని యంత్రమే పసిగట్టి, అది ఎక్కడ ఆగిందో చూసి అంకె చెబుతుంది. చేతులు ఖాళీగా ఉంటాయి. నిలబడి కూడా కొలుచుకోవచ్చు. అన్నిటికంటే పెద్ద లాభం తర్వాత తెలుస్తుంది: వ్యాయామం చేస్తుంటే కండ ఉబ్బి కఫ్‌లో ఒత్తిడి పెరుగుతుంది, కండ వదులైతే తగ్గుతుంది. మంచి యంత్రం గాలి తీసి పోసి అంకెను నిలబెడుతుంది. చేతి పంపుకి ఆ తెలివి లేదు.

అయితే "ఆటోమేటిక్" అని రాసి ఉన్నవన్నీ కొలిచేవి కావు. కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది నా ధమని స్పందన చూసి అంకె చెబుతుందా, లేక నా తొడ కొలత, బీపీ టైపు చేయించుకుని అంచనా వేస్తుందా? వ్యాయామం మధ్యలో ఒత్తిడిని సరిచేస్తుందా? దీని కఫ్ అసలు కాలి ధమనిని పూర్తిగా మూయగలదా? మూడోది వింతగా అనిపించొచ్చు. చిన్న చిన్న గదులుగా విడదీసిన సన్నటి గాలి పట్టీలు కొన్ని గరిష్ఠ ఒత్తిడి పెట్టినా తొడ ధమనిని మూయలేవు. వాటిని వాడటం తప్పని అనను, కొందరు క్షేమం కోసమే వాటిని కోరుకుంటారు. కాకపోతే వందే దొరకని చోట అరవై శాతం అనడానికి వీల్లేదు. అలాంటి పట్టీలున్నవాళ్లు శాతాల భాష వదిలేసి ఒంటి సంకేతాలు చూసుకుంటూ నడవాలి.

కొలత జరుగుతుండగా కాలు కదిపినా, మాట్లాడుతూ తొడ బిగించినా యంత్రం తికమక పడుతుంది. అనుమానం వస్తే మళ్లీ కొలవండి.

కాలివేలికి పల్స్ ఆక్సీమీటర్

ఇంట్లో ఎలాగూ ఉంది కదా అని చాలామంది ఇక్కడే మొదలుపెడతారు. రెండో వేలికో బొటనవేలికో తగిలించి, కఫ్‌లో గాలి పెంచుతూ, తెర మీద అల ఎక్కడ చదునైపోతుందో చూడటం. చేతుల దగ్గర ఇది బాగానే నడుస్తుంది. కాళ్ల దగ్గరికొచ్చేసరికి నమ్మకం సడలుతుంది. కాలివేళ్లకి సిగ్నల్ ముందే బలహీనం. పాదం చల్లగా ఉంటే, గోటికి రంగుంటే ఇంకా.

దీని తప్పు రెండు వైపులా పడుతుంది, అదే నాకు నచ్చనిది. సన్నటి ధార ఇంకా పారుతుండగానే యంత్రం చేతులెత్తేయొచ్చు, అప్పుడు అంకె తక్కువ. లేదా కొన్ని సెకన్ల సగటు చూపించే రకమైతే, మీరు గబగబా గాలి కొడుతుంటే ధమని మూసుకున్నాక కూడా పాత అలనే చూపిస్తుంది, అప్పుడు అంకె ఎక్కువ. రెండోదాన్ని తప్పించుకునే ఉపాయం ఉంది. పదేసి పెంచి, ప్రతిసారీ పది పదిహేను సెకన్లు ఆగండి. శాతం అంకెను చూడకండి, అలను చూడండి. అల చూపించకుండా రెండంకెలు మాత్రమే చూపించే రకమైతే ఈ పనికి వాడొద్దు. పాదానికి ముందు కాసేపు సాక్సు తొడిగి వెచ్చబరిస్తే సిగ్నల్ మెరుగవుతుంది. ఇలా వచ్చిన అంకె మీద 60 శాతం దాటి వెళ్లకండి.

వేలితో నాడి పట్టుకోవడం

దీనికి ఇవ్వాల్సినంత గౌరవం ఎవరూ ఇవ్వట్లేదని నా అభిప్రాయం. డాప్లర్ పెట్టే ఆ పల్లంలోనే రెండు వేళ్లు ఆనిస్తే నాడి తగులుతుంది. గాలి పెంచుతుంటే ఒక దగ్గర తగలడం మానేస్తుంది. ధమని పూర్తిగా మూసుకోకముందే వేలికి నాడి అందకుండా పోతుంది కాబట్టి ఈ అంకె దాదాపు ఎప్పుడూ అసలు కంటే తక్కువే. కచ్చితత్వం అడగొద్దు. తప్పు పడే దిక్కు మాత్రం మంచిది. ఒక్క జాగ్రత్త: మరీ గట్టిగా నొక్కితే మీ వేలి నాడే మీకు తగులుతుంది. గాలి ఎంత పెంచినా నాడి ఇంకా కొట్టుకుంటున్నట్టే ఉందంటే అది మీదే. పాదం పైభాగంలో ఉండే నాడి కొందరికి పుట్టుకతోనే అందదు, అందుకే చీలమండ లోపలి వైపే నయం.

కొలతకి వేరే పద్ధతి వాడినా దీన్ని కాపలాకి పెట్టుకోండి. కఫ్ బిగించాక నాడి వేలికి తగులుతోందా? తగులుతుంటే ధమని పూర్తిగా మూసుకోలేదని ఖాయం.

సూత్రాలు

పైన ఇచ్చిన చుట్టుకొలత సూత్రాన్ని మన ఇద్దరి మీద వేసి చూద్దాం. సన్నటాయనకి 137 వస్తుంది, కొలిచినది 142. భేష్. రెండో ఆయనకి 164 వస్తుంది, కొలిచినది 208. నలభై నాలుగు తేడా! ఆ సూత్రంలో బీపీ లేదు మరి. అయినా ఆయనకి ప్రమాదమేమీ లేదు, 164లో 80 శాతమంటే 131. అది ఆయన అసలు అంకెలో 63 శాతమే.

దిక్కు మారితే కథ మారుతుంది. నా దగ్గరికొచ్చిన ఒక సైక్లిస్టు అమ్మాయి తొడ 58 సెంటీమీటర్లు, బీపీ పై అంకె 98. ఇదే 11 సెంటీమీటర్ల కఫ్‌కి సూత్రం 155 అంది. డాప్లర్ 124 అంది. సూత్రాన్ని నమ్మి 80 శాతం పెట్టుంటే అది సరిగ్గా 124. అంటే ఆమె కాలిని నూరు శాతం బిగించేవాళ్లం. అదే 50 శాతం పెట్టుంటే 78, ఆమె అసలు అంకెలో 63 శాతం. ఏ ఇబ్బందీ ఉండేది కాదు. కండపట్టిన తొడలు, తక్కువ బీపీ ఉన్న క్రీడాకారులు ఈ సూత్రాన్ని చూసి ముఖ్యంగా భయపడాలి.

చేతి బీపీ పై అంకెని 1.3తో గుణించి నేరుగా అంతే పెట్టేయడం ఇంకో వాడుక. ఇందులో బీపీ ఉంది, తొడ లేదు, కఫ్ వెడల్పు లేదు. బీపీతో పాటు చుట్టుకొలతని బట్టి మారే గుణకాన్ని కలిపిన లెక్కలు ఆపరేషన్ థియేటర్లలో ఉన్నాయి, అవి ఈ రెండింటికంటే మెరుగు. ఏది వాడినా లక్ష్యం 50 దగ్గర ఆపండి.

సాగే పట్టీ, పదికి ఏడు

గేజ్ లేని సాగే పట్టీని చుట్టుకుని "పదికి పది అంటే భరించలేనంత బిగువు, ఏడు దగ్గర ఆపు" అనే పద్ధతి జిమ్‌లలో బాగా పాకింది. ఫలితాలు రావనను. నా బాధ ఏమిటంటే ఒకరి ఏడు ఇంకొకరి ఏడు కాదు. అదే మనిషికి మూడో వారం ఏడు మొదటి వారం ఏడు కాదు. బిగువు ఒంటికి అలవాటవుతుంది, చెయ్యి ఇంకో చుట్టు లాగుతుంది. తప్పు ఎటు పడిందో చెప్పేవాళ్లు లేరు. ఇదొక్కటే దారి అయితే అయిదు ఆరు దగ్గర ఆగండి, పట్టీ మీద పెన్నుతో గీత పెట్టుకుని ప్రతిసారీ ఆ గీత దాకానే లాగండి, చీలమండ నాడి తప్పకుండా చూసుకోండి.

అందరికీ 150 అనో 200 అనో ఒకే అంకె చెప్పే పద్ధతి గురించి మొదటి పేరాలోనే చెప్పేశాను.

| పద్ధతి | మీ కాలి నుంచే వచ్చే అంకెనా | తప్పితే ఎటు | ఒంటరిగా | నేను దాటని లక్ష్యం |
|---|---|---|---|---|
| డాప్లర్ | అవును | ఎక్కువగా తక్కువ వైపు | కష్టం | 80 శాతం |
| కొలిచే యంత్రం | అవును | యంత్రాన్ని బట్టి, కొద్దిగా | సులువు | 80 శాతం |
| ఆక్సీమీటర్ | అవును, బలహీనంగా | రెండు వైపులా | పరవాలేదు | 60 శాతం |
| వేలికి నాడి | అవును, మోటుగా | తక్కువ వైపు | కూర్చుని కుదురుతుంది | 70 శాతం |
| సూత్రాలు | కాదు | బీపీ, తొడలను బట్టి ఎటైనా | సులువు | 50 శాతం |
| పదికి ఏడు | కాదు | తెలియదు | సులువు | శాతం లేదు |

ఆఖరి నిలువు వరస నా అనుభవంలోంచి పెట్టుకున్న హద్దు, ఎక్కడో రాసిపెట్టిన నియమం కాదు.

మీరు ఎవరు

ఆపరేషన్ అయిన తొలి నెలల్లో ఉన్నవాళ్లయితే వాదనే లేదు. డాప్లర్‌తోనో కొలిచే యంత్రంతోనో ఫిజియోథెరపిస్టు చేతే కొలిపించుకోండి. ఆపరేషన్ అయిన కాలు వాచి ఉంటుంది, తొడ కండ కరిగిపోతుంటుంది, చుట్టుకొలత వారం వారం మారుతుంది. రెండు కాళ్ల అంకెలూ ఒకటే ఉంటాయనుకోకండి. ఇక్కడ 80 అందుకోవాలన్న పట్టుదల కూడా వద్దు. నొప్పి వల్ల మానేసిన వ్యాయామం కంటే 50 దగ్గర పూర్తి చేసిన వ్యాయామం ఎక్కువ పని చేస్తుంది.

ఒంటరిగా ఇంట్లో చేసుకునే ఆరోగ్యవంతులకి నేను చెప్పేది: గేజ్ ఉన్న చేతి పంపు కఫ్, వేలితో నాడి, సూత్రం. ముందు నాడి అంకె తీయండి, తర్వాత సూత్రం వేసి చూడండి. రెండింట్లో ఏది తక్కువైతే దానిలో 50 శాతం. ఇది చూడటానికి మోటుగా ఉంటుంది, కానీ ఈ లెక్కలో కాలిని పూర్తిగా మూసేయడం దాదాపు అసాధ్యం. వీలైనప్పుడు ఒక్కసారి ఎవరిచేతైనా డాప్లర్ పెట్టించుకుంటే మీ నాడి అంకె అసలుకి ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది. ఆ తేడా గుర్తుంచుకుంటే తర్వాత నెలలపాటు పనికొస్తుంది.

ఒక జట్టుకి కోచ్ అయితే మీ శత్రువు సమయం. ఇరవై మందికి రెండు కాళ్లకీ డాప్లర్ పెడితే పూట గడిచిపోతుంది. అక్కడ యంత్రమే న్యాయం. అది లేకపోతే ఒక రోజు కేటాయించి అందరికీ డాప్లర్ అంకెలు తీసి, ఎవరి కఫ్ వాళ్లకే కేటాయించండి. 11 సెంటీమీటర్ల కఫ్‌తో తీసిన అంకెని 8 సెంటీమీటర్ల కఫ్‌కి వాడకూడదు.

బీపీ మందులు వాడుతూ అదుపులో ఉన్న పెద్దవాళ్లకి, డాక్టరు సరేనన్నాక, ప్రతి సెషన్‌కీ కొత్తగా కొలవడమే మేలు. మందు వేసుకున్న వేళని బట్టి బీపీ మారుతుంది, దానితో పాటు ఏఓపీ కూడా.

కొలిచాక

భంగిమ మర్చిపోకండి. పడుకున్నప్పుడు అంకె అన్నిటికంటే తక్కువ, కూర్చుంటే పెరుగుతుంది, నిలబడితే ఇంకా. పడుకుని కొలిచి నిలబడి వాడితే అసలు శాతం తగ్గుతుంది, పరవాలేదు. నిలబడి కొలిచిన అంకెతో పడుకుని కాలు ఎత్తే వ్యాయామం చేస్తే శాతం మీకు తెలియకుండా పైకి పోతుంది. అది వద్దు.

గాలి లేనప్పుడు గేజ్ ముల్లు సున్నా మీద నిలబడుతోందో లేదో ప్రతిసారీ చూడండి. 100 దాకా ఎక్కించి ఒక నిమిషం వదిలేస్తే ముల్లు దిగిపోతుంటే ఎక్కడో లీకుంది. చేతి పంపు వాడేవాళ్లు సెట్ల మధ్య విశ్రాంతిలో గేజ్ చూసి సరిచేసుకోవాలి. కండ బిగించి ఉన్నప్పుడు కనిపించే అంకెని లెక్కలోకి తీసుకోకూడదు. మామూలుగా నడిచే వరస 30, 15, 15, 15 సార్లు, మధ్యలో 30 నుంచి 60 సెకన్ల విశ్రాంతి. ఆ విశ్రాంతిలో కఫ్ అలాగే ఉంటుంది. ఒక వ్యాయామం అయి ఇంకోదానికి వెళ్లేముందు మాత్రం గాలి పూర్తిగా తీసెయ్యండి.

తొడ మంట పుట్టడం, చర్మం కాస్త ఎర్రబడటం మామూలే. తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండటం, పాదం చల్లబడటం, తెల్లగా గానీ నీలంగా గానీ మారడం మామూలు కాదు. బొటనవేలి గోరు నొక్కి వదలండి, మూడు సెకన్లలో ఎరుపు రాకపోతే గాలి తీసెయ్యండి, గేజ్ ఎంత చూపిస్తున్నా సరే. వ్యాయామం అయిన తర్వాతి రోజుల్లో పిక్క ఒక్కటే వాచి నొప్పి పెట్టినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నోటుబుక్కులో ఒక వరసకి ఇవి చాలు: తేదీ, ఏ కాలు, కఫ్ వెడల్పు, భంగిమ, పద్ధతి, వచ్చిన అంకె, పెట్టిన అంకె. ఎడమ కుడి విడివిడిగా రాయండి. కఫ్ మార్చినా, బరువు బాగా తగ్గినా పెరిగినా, బీపీ మందు మారినా, ఏమీ మారకపోయినా సరే నెల దాటితే పాత అంకె మీద గీత కొట్టి మళ్లీ కొలవండి.